మోకాలి కింద ఎముక విరిగిన కేసు: కోడింగ్, రికార్డుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ రెండు రకాల వాళ్ల కోసం. ఒకరు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ దవాఖానల్లో మెడికల్ రికార్డుల విభాగంలో కూర్చునేవాళ్లు. రెండోవారు కోర్సు నేర్చుకొని అమెరికా చార్టులు కోడ్ చేస్తున్న మన పిల్లలు. ఇద్దరి ముందుకూ వచ్చే కాలు ఒకటే, విరిగే తీరూ ఒకటే. వాడే పుస్తకాలే వేరు. కోడ్‌లోని అక్షరాలను నోటితో పలికినట్టే తెలుగులో రాశాం. తెర మీద కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.

మోకాలి కింద అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

జబ్బులకు, గాయాలకు కోడ్‌లు ఇచ్చే ఐసీడీ-10 పుస్తకంలో ఎస్82 వర్గంలో మోకాలిచిప్ప నుంచి చీలమండ వరకు అన్నీ వస్తాయి. చిప్ప ఎస్82.0. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైభాగం 82.1, నడిమి భాగం 82.2, కింది భాగం 82.3. ఫిబులా (దాని పక్కనున్న సన్న ఎముక) నడిమి భాగం 82.4. చీలమండ లోపలి గుబ్బ 82.5, బయటి గుబ్బ 82.6. రెండు గుబ్బలూ విరిగినా, మూడు చోట్ల విరిగినా, పైలాన్ ఫ్రాక్చరైనా (చీలమండ కీలు దగ్గర టిబియా కింది చివర విరగడం) 82.8 కిందికి పోతాయి. మడమ, పాదం ఎముకలు ఇందులో లేవు, వాటిది ఎస్92.

ఇక్కడి దవాఖానలో వాడే ఐసీడీ-10, అమెరికా చార్టుల ఐసీడీ-10-సీఎం ఒకటే కదా?

కాదు. ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో ఎస్82.2 అంటే టిబియా నడిమి భాగం, ఫిబులా విరిగినా విరగకపోయినా ఒకటే కోడ్. ఫిబులా ఒక్కటే విరిగితేనే 82.4. అమెరికా పుస్తకంలో రెండెముకలూ విరిగితే రెండు కోడ్‌లు వేయాలి: టిబియాకు 82.2 కింద ఒకటి, ఫిబులాకు 82.4 కింద ఇంకొకటి.

దీనికన్నా ప్రమాదకరమైంది ఐదో స్థానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఐదో స్థానంలో 0 అంటే చర్మం చెక్కుచెదరని ఫ్రాక్చర్, 1 అంటే ఓపెన్, చర్మం చిరిగి గాయమైనది. అంటే ఎస్82.20 క్లోజ్డ్ ఫ్రాక్చర్. అమెరికా పుస్తకంలో అదే ఎస్82.20 అంటే టిబియా నడుమ ఏ రకంగా విరిగిందో చెప్పని ఫ్రాక్చర్, పైగా అది ఇంకా పూర్తికాని కోడ్. ఒక పుస్తకం అలవాటుతో ఇంకోదాంట్లో కొడితే సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఆపదు, అర్థం మాత్రం మారిపోతుంది. అలాగే ఇక్కడి పుస్తకంలో అనేక ఫ్రాక్చర్లకు ఎస్82.7 ఉంది. అమెరికా పుస్తకంలో ఆ నంబరే లేదు.

డాక్టర్ నోట్‌లో ఏమేం ఉంటే కోడ్ పూర్తవుతుంది?

ఏ ఎముక, అందులో పైభాగమా నడుమనా కింద భాగమా, కుడా ఎడమా. అడ్డంగా విరిగిందా, ఏటవాలుగానా, మెలితిరిగిందా, ముక్కలైందా, రెండు చోట్ల విరిగి నడుమ ముక్క వేరైందా. పక్కకు జరిగిందా లేదా. ఓపెనా క్లోజ్డా. ఓపెన్ అయితే గస్టిలో రకం (గాయం తీవ్రత చెప్పే వర్గీకరణ, కింద వివరించాం). ఇప్పుడు వైద్యం ఏ దశలో ఉంది.

మొదటి మూడూ లేకపోతే పని ఆగిపోతుంది. మిగతావాటిలో రెండింటికి పుస్తకమే దారి చూపిస్తుంది: జరిగిందో లేదో రాయకపోతే జరిగినట్టు లెక్క, ఓపెనో క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్ లెక్క. ఈ వెసులుబాటు అమెరికా పద్ధతిది. దీన్ని చూసి డాక్టర్‌ని అడగడం మానేయడం సోమరితనం. కాలి మీద గాయం ఉందని నర్సు నోట్‌లో ఉండి, డాక్టర్ నోట్‌లో ఓపెన్ అన్న మాట లేకపోతే, క్లోజ్డ్ అని కొట్టేసి ఊరుకోకూడదు, అడగాలి.

"బోత్ బోన్ ఫ్రాక్చర్ లెఫ్ట్ లెగ్" అని మాత్రమే రాశారు. ఏం చేయాలి?

మన దగ్గర కేస్ షీట్లలో ఎక్కువగా కనిపించే వాక్యం ఇదే. స్థాయి లేదు, రకం లేదు. అమెరికా చార్టులో ఇదే వస్తే ఎక్స్‌రే రిపోర్టు చూడండి. ఫ్రాక్చర్ ఉందని డాక్టర్ ఒకసారి తేల్చాక, అది ఎముకలో ఏ చోట ఉందో రేడియాలజిస్ట్ రిపోర్టు నుంచి తీసుకోవచ్చు. కానీ ఇన్‌పేషెంట్ చార్టులో డాక్టర్ ఎక్కడా రాయని కొత్త ఫ్రాక్చర్‌ను ఎక్స్‌రే రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకొని కోడ్ చేయకూడదు. ఇద్దరి రాతలూ కలవకపోతే పేషెంట్‌ను చూస్తున్న డాక్టర్‌కే క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి.

అమెరికా కోడ్ చివర వచ్చే ఏడో అక్షరం ఎలా ఎంచుకోవాలి? మొదటిసారి వస్తే ఏ, తర్వాత వస్తే డీ, అంతే కదా?

అంతే కాదు. రాకల సంఖ్యకూ దీనికీ సంబంధం లేదు. ఏ, బీ, సీ అంటే ఫ్రాక్చర్‌కు అసలు వైద్యం నడుస్తున్న దశ. ఎమర్జెన్సీలో చూసిన డాక్టర్, ఆపరేషన్ చేసిన డాక్టర్, వైద్యం నడుమ కేసు చేతికి తీసుకున్న ఇంకో డాక్టర్, అందరూ ఈ మూడింట్లోనే ఉంటారు. చౌటుప్పల్‌లో స్లాబ్ వేసి హైదరాబాద్ పంపితే, అక్కడ రాడ్ వేసిన రోజు కూడా మొదటి దశే. ఎముక అతుక్కుంటున్న కాలంలో కట్టు మార్చడానికీ, ఎక్స్‌రే తీసి చూడడానికీ, రాడ్ తీయించుకోవడానికీ వస్తే తర్వాతి దశ.

బట్టీ పట్టకుండా గుర్తుంచుకోవడానికి ఒక పట్టిక మనసులో గీసుకోండి. నిలువు వరసలు మూడు: క్లోజ్డ్, ఓపెన్ ఒకటి-రెండు రకాలు, ఓపెన్ మూడో రకం. అడ్డ వరసలు ఇలా ఉంటాయి:

మొదటి దశ: ఏ, బీ, సీ.
మామూలుగా అతుక్కుంటోంది: డీ, ఈ, ఎఫ్.
ఆలస్యంగా అతుక్కుంటోంది: జీ, హెచ్, జే.
అతుక్కోలేదు: కే, ఎం, ఎన్.
వంకరగా అతుక్కుంది: పీ, క్యూ, ఆర్.

ఎముక మానిన తర్వాత మిగిలిన ఇబ్బందికి ఎస్. ఐ, ఎల్, ఓ అక్షరాలు ఈ వరసలో లేవు, వెతక్కండి. చిన్నపిల్లల్లో ఎముక విరగకుండా నొక్కుకుపోయే టోరస్ ఫ్రాక్చర్లకు ఓపెన్ అక్షరాలు ఉండవు: ఏ, డీ, జీ, కే, పీ, ఎస్ మాత్రమే.

ఎస్ వాడేటప్పుడు ముందు ఇప్పుడున్న ఇబ్బంది, తర్వాత పాత గాయం. ఎడమ టిబియా పైభాగం రెండు కాండైల్స్ (మోకీలు వైపు గుబ్బలు) ఎప్పుడో విరిగి, ఇప్పుడు ఆ మోకీలు అరిగితే ముందు ఎం17.32, ఆ తర్వాత ఎస్82.142ఎస్. తిరగేస్తే క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

ఇంకొక అలవాటు వదులుకోవాలి. గాయపు ఫ్రాక్చర్ ఫాలోఅప్‌కు జెడ్ కోడ్‌ల ఆఫ్టర్‌కేర్ (వైద్యం తర్వాతి సంరక్షణ) వాడరు. ఆ పని ఏడో అక్షరమే చేస్తుంది.

అతుక్కోలేదని ఎప్పుడు అనాలి? ఆర్నెల్లు దాటితే చాలా?

నెలలు లెక్కపెట్టి కోడర్ తేల్చే సంగతి కాదది. డాక్టర్ నాన్‌యూనియన్ అని రాయాలి. "కాలస్ (అతుకు దగ్గర పెరిగే కొత్త ఎముక) కనిపించడం లేదు" అన్న ఎక్స్‌రే మాట చాలదు.

ఓపెన్ ఫ్రాక్చర్‌లో గస్టిలో రకం రాయలేదు. గాయం కొలత ఉంది. దాన్నిబట్టి వేయొచ్చా?

వేయకూడదు. ఓపెన్ అని ఉండి రకం లేకపోతే పుస్తకం బీ లోనే పెట్టమంటుంది. కొలతనుబట్టి ఎందుకు ఎంచకూడదో తెలియాలంటే ఆ వర్గీకరణ ఎలా కట్టారో చూడాలి. 1976లో గస్టిలో, ఆండర్సన్ ఇద్దరూ మూడు రకాలు చెప్పారు, 1984లో గస్టిలో బృందం మూడోదాన్ని ఏ, బీ, సీలుగా విడదీసింది. ఒక సెంటీమీటరు లోపు శుభ్రమైన గాయం ఒకటో రకం. ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా, కండ పెద్దగా నలగకపోతే రెండో రకం. పెద్ద దెబ్బ, కండ బాగా నలిగిన గాయం మూడో రకం. అందులో ఎముకను కప్పడానికి కండ మిగిలితే 3ఏ, ఎముక పొర ఊడిపోయి వేరేచోటి కండ తెచ్చి కప్పాల్సివస్తే 3బీ, కాలికి రక్తం పోసే ధమని తెగి కుట్టాల్సివస్తే 3సీ.

ఇప్పుడు అసలు మెలిక. దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టర్ కేజ్ వీల్ కింద కాలు పడిందనుకోండి. గాయం రెండు సెంటీమీటర్లే ఉండొచ్చు. కానీ పొలం బురద, పేడ కలిసిన గాయాన్ని, ఎముక రెండు చోట్ల విరిగిన దాన్ని సైజుతో పనిలేకుండా మూడో రకంలో వేస్తారు సర్జన్లు. కొలత చూసి కోడర్ రెండు అనుకొని బీ వేస్తే, అసలు పడాల్సింది సీ. ఇంకొకటి: సరైన రకం చాలాసార్లు థియేటర్లో గాయం కడిగి, చచ్చిన కండ తీశాకే తేలుతుంది. అందుకే ఎమర్జెన్సీ నోట్‌లో రెండు అని, ఆపరేషన్ నోట్‌లో 3ఏ అని ఉంటే ఆశ్చర్యపడకండి. ఏది తుది నిర్ణయమో డిశ్చార్జ్ సమ్మరీలో ఒకే మాటగా రావాలి. రాకపోతే క్వెరీ పెట్టండి.

క్వెరీ ఎలా రాయాలి?

జవాబు మన నోట్లోంచి డాక్టర్ నోట్లోకి పోకూడదు. "ఇది 3ఏ కదా, అలా రాయండి" అనడం తప్పు. "ఎమర్జెన్సీ నోట్‌లో ఎడమ కాలి ముందువైపు 3 సెంటీమీటర్ల గాయం, మట్టి ఉన్నట్టు ఉంది. ఆపరేషన్ నోట్‌లో ఎముక దాకా శుభ్రం చేసినట్టు ఉంది. ఓపెన్ ఫ్రాక్చర్ రకం దయచేసి తెలపండి: ఒకటి, రెండు, 3ఏ, 3బీ, 3సీ, మరేదైనా, చెప్పలేం." ఆధారం చూపించి, అన్ని దారులూ తెరిచి ఉంచి, ఏ రకానికి ఎంత డబ్బు వస్తుందో ఎత్తకుండా అడగాలి.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా కోడ్ చేసి చూపిస్తారా?

ఎడమ కాలు, టిబియా ఫిబులా రెండూ నడుమ ముక్కలై పక్కకు జరిగాయి, ఓపెన్ రెండో రకం. ఎముక దాకా శుభ్రం చేసి టిబియాకు రాడ్ వేశారు.

డయాగ్నసిస్: ఎస్82.252బీ, ఎస్82.452బీ. ఆపరేషన్ (అమెరికాలో వైద్య పనులకు వాడే సీపీటీ కోడ్‌లు): రాడ్‌కు 27759, ఓపెన్ ఫ్రాక్చర్ దగ్గర ఎముక దాకా శుభ్రం చేసినందుకు 11012, ఎడమ కాలని చెప్పే మాడిఫైయర్‌తో (కోడ్ పక్కన చేర్చే అదనపు గుర్తు). ఆరు వారాలకు వచ్చి బాగా అతుక్కుంటోందని రాస్తే 252ఈ, 452ఈ. పది నెలలకు టిబియా అతుక్కోలేదని తేల్చి, తుంటి ఎముక తెచ్చి పెడితే డయాగ్నసిస్ ఎస్82.252ఎం, ఆపరేషన్ 27724. తుంటి నుంచి ఎముక తీసిన పని 27724లోనే ఉంది, దానికి వేరే కోడ్ వేయొద్దు. ఫిబులా అప్పటికే మానిపోయుంటే దానికి కూడా ఎం తగిలించకండి. రెండెముకలకూ ఒకే అక్షరం ఉండాలన్న నియమం లేదు.

టిబియా నడిమి ఫ్రాక్చర్‌కు ఆపరేషన్ కోడ్‌లు ఏవేవి?

సర్దకుండా కట్టు వేస్తే 27750, లాగి సర్ది కట్టు వేస్తే 27752, చర్మం మీది నుంచే పిన్నులు దింపితే 27756, తెరిచి ప్లేటు వేస్తే 27758, రాడ్ వేస్తే 27759. మన సర్జన్లు "సీఆర్ఐఎఫ్ విత్ ఐఎంఐఎల్ నెయిలింగ్" అని రాస్తారు, అంటే క్లోజ్డ్‌గా (తెరవకుండా) సర్ది, ఎముక లోపల రాడ్ దింపి బిగించడం. అందులో క్లోజ్డ్ అన్న మాట చూసి 27752 వైపు వెళ్లేవాళ్లున్నారు. రాడ్ పడిందంటే, ఫ్రాక్చర్ తెరిచినా తెరవకపోయినా 27759 ఒకటే. ఇంటర్‌లాకింగ్ స్క్రూలు అందులోనే ఉన్నాయి.

ఈ కోడ్‌లన్నిట్లో "ఫిబులా విరిగినా విరగకపోయినా" అనే మాట ఉంది కాబట్టి, ఫిబులాను ముట్టకుండా వదిలేస్తే దానికి వేరే బిల్లు లేదు. పైభాగానికీ పైలాన్‌కూ వేరే వరసలు ఉన్నాయి. పైభాగం ఒక కాండైల్‌ను తెరిచి సరిచేస్తే 27535, రెండూ అయితే 27536. పైలాన్‌లో ఫిబులా ఒక్కటే బిగిస్తే 27826, టిబియా ఒక్కటే అయితే 27827, రెండూ అయితే 27828.

చీలమండలో లోపలా బయటా రెండూ విరిగితే 82.5, 82.6 రెండూ వేయాలా?

వద్దు. బైమాలియోలార్‌కు 82.84 కింద ఒకే కోడ్. వెనక అంచు కూడా విరిగితే ట్రైమాలియోలార్, 82.85. ఆపరేషన్ కోడ్ కూడా అలాగే మారుతుంది, బైమాలియోలార్ తెరిచి బిగిస్తే 27814.

ఎమర్జెన్సీ డాక్టర్ స్లాబ్ వేసి ఆర్థోకు పంపారు. ఫ్రాక్చర్ కోడ్ ఎవరిది?

ఆర్థో డాక్టర్‌ది. ఎమర్జెన్సీ వాళ్లకు పరీక్ష, స్లాబ్ రెండే. పొడుగు స్లాబ్ 29505, పొట్టిది 29515. వాళ్లు ఎముక లాగి సర్దితేనే 27752, దానికి 54 మాడిఫైయర్. తర్వాతి బాధ్యత తీసుకున్న డాక్టర్ 55 వేస్తారు.

ఫ్రాక్చర్ కోడ్ వేశాక మొదటి కట్టు అందులోనే పోతుంది. ఈ కోడ్‌లకు గ్లోబల్ (ఆపరేషన్ రుసుములోనే తర్వాతి చూపులు కలిసిపోయే గడువు) 90 రోజులు. ఆపరేషన్ ముందు రోజు, ఆపరేషన్ రోజు కలిపితే 92. ఆపరేషన్ చేయాలన్న నిర్ణయం ఆ రోజో ముందు రోజో జరిగితే ఆ పరీక్షకు 57 మాడిఫైయర్ పెట్టాలి, 25 కాదు. ముందు బయటి ఫ్రేమ్ బిగించి, వాపు తగ్గాక అనుకున్న ప్రకారం రాడ్ వేస్తే రెండోదానికి 58. అనుకోకుండా చీము పట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తే 78. ఈ రెండూ తారుమారైతే డబ్బు తేడా వస్తుంది. ముందే అనుకున్నదని మొదటి ఆపరేషన్ నోట్‌లో ఒక్క వాక్యం ఉంటే గొడవే ఉండదు.

కండ బిగుసుకుపోయి కోత పెట్టారు. ఫ్రాక్చర్ కోడ్‌లోనే వస్తుందా?

రాదు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌కు టీ79.ఏ21 కుడికి, ఏ22 ఎడమకు, ఏడో అక్షరంతో. ముందు లేదా పక్క కండల గదులు మాత్రమే తెరిస్తే 27600, వెనక గదులు మాత్రమే అయితే 27601, అన్నీ తెరిస్తే 27602. ఇక్కడ రికార్డు విలువ కోడ్ కన్నా పెద్దది. వేళ్లు వంచితే నొప్పి ఎలా ఉంది, పాదం మీద నాడి అందుతోందా, స్పర్శ ఉందా అన్నవి సమయం వేసి రాసి ఉండాలి. ఒక్కసారి "నార్మల్" అని రాసి, ఆ తర్వాత పన్నెండు గంటలు ఖాళీగా ఉన్న కేస్ షీట్ రేపు ఏ కోర్టులోనూ నిలబడదు.

రాడ్ విరిగింది, లేదా రాడ్ దగ్గర చీము పట్టింది. మళ్లీ ఎస్82లోనే వెతకాలా?

కుడి కాలి ఇంప్లాంట్ విరిగితే టీ84.116, ఎడమది 117. ఇంప్లాంట్ దగ్గర ఇన్ఫెక్షన్ కుడి టిబియాకు టీ84.622, ఎడమకు 623. సూక్ష్మజీవి పేరు కల్చర్ నుంచి వేరే కోడ్‌గా రావాలి.

పుత్తూరు కట్టు వేయించుకొని రెండు నెలల తర్వాత వచ్చారు. ఇది మొదటి దశా, తర్వాతి దశా?

అమెరికా నియమంలో ఆలస్యంగా వైద్యానికి వచ్చినవాళ్లకు కూడా మొదటి దశ అక్షరమే. కట్టు ఎవరు కట్టారు, ఎప్పుడు, ఎన్నిసార్లు మార్చారు, చర్మం ఎలా ఉందన్నది చరిత్రలో రాయించండి. వాళ్లు సిగ్గుపడి చెప్పరు, అడగాలి.

నల్గొండలో ఫ్లోరోసిస్ ఉన్న పెద్దవాళ్లు చిన్న దెబ్బకే కాలు విరగ్గొట్టుకుంటారు. అది గాయపు కోడేనా?

మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లు తాగి పెరిగినవాళ్ల విషయంలో ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక ఎక్స్‌రేలో చిక్కగా కనిపిస్తుంది, కానీ పెళుసు. డాక్టర్ ఫ్లోరోసిస్ వల్లే విరిగిందని రాస్తే అది గాయపు ఎస్82 కాదు. అమెరికా పుస్తకంలో వేరే జబ్బువల్ల విరిగిన ఎముకకు ఎం84.66 కింద వేయాలి: కుడి టిబియా 661, ఎడమ టిబియా 662, కుడి ఫిబులా 663, ఎడమ ఫిబులా 664. వెంట ఫ్లోరోసిస్‌కు ఎం85.16 కింద ఇంకో కోడ్. ఫ్లోరోసిస్ ఉందని రాసి, దానివల్లే విరిగిందని రాయకపోతే ఆ రెండింటినీ మనం ముడివేయకూడదు.

ఎముకలు బోలుగా మారిన పేషెంట్ అని తెలిసి, మామూలు ఎముక విరగనంత చిన్న దెబ్బకు విరిగితే ఎం80.061 కుడి, 062 ఎడమ, వయసువల్ల వచ్చినదైతే. పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల్లో వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎం84.36.

ఎలా పడ్డారో రాయడం అవసరమా? కోడ్ పుస్తకంలో తాటిచెట్టు ఉంటుందా?

తాటిచెట్టు పేరు లేదు, చెట్టు మీది నుంచి పడడం ఉంది: డబ్ల్యూ14. తర్వాత ఖాళీ స్థానాల్లో మూడు ఎక్స్‌లు నింపి చివర ఏ పెట్టాలి. ఆ ఎక్స్‌లు వదిలేస్తే ఏడో అక్షరం నాలుగో స్థానంలోకి జారి కోడ్ చెల్లదు. ట్రాక్టర్ నడిపేవాడికి పొలంలో ప్రమాదమైతే వీ84.5, రోడ్డు మీదైతే వీ84.0. దేన్నీ ఢీకొట్టకుండా బైక్ జారి పడితే 2022 అక్టోబర్ నుంచి వీ28.49, బైక్ నడిపేవాళ్లకు. వెనక కూర్చున్నవాళ్లకు ఇది కాదు.

గీత కార్మికుడి కేస్ షీట్‌లో "చెట్టు మీది నుంచి పడ్డాడు" అని వదిలేయకండి. కల్లు గీస్తుండగా, ఎంత ఎత్తునుంచి, మోకు తెగిందా ముత్తాదు జారిందా, ఏ ఊరు, ఎన్ని గంటలకు. పరిహారం దరఖాస్తుకు ఆ ఇంటివాళ్లు తర్వాత తెచ్చేది ఈ కాగితమే.

మెడికో లీగల్ కేసులో ఏం చూసుకోవాలి?

రోడ్డు ప్రమాదం, కొట్లాట అయితే పోలీసులకు సమాచారం పంపిన సమయం, అందుకున్నవారి వివరం రికార్డులో ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఎముక విరగడం తీవ్ర గాయాల్లో ఏడోది. అందుకే వూండ్ సర్టిఫికెట్‌లో ఫ్రాక్చర్ ఉందన్న మాట ఎక్స్‌రే ఆధారంతోనే రాయాలి, ఎక్స్‌రే నంబరు, తేదీ వేసి. సర్టిఫికెట్‌లో కుడి, డిశ్చార్జ్ సమ్మరీలో ఎడమ అని పడితే ఎదుటి వకీలుకు అంతకంటే పండుగ లేదు.

రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మేలో వచ్చిన కేంద్రం నగదు రహిత పథకం ఒక్కొక్కరికి లక్షన్నర వరకు, ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు వైద్యానికి వర్తిస్తుంది. కాబట్టి దవాఖానకు వచ్చిన తేదీ ఒక్కటే కాదు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం విడిగా రాయాలి.

ఆరోగ్యశ్రీ ఫైల్ ఎందుకు వెనక్కి వస్తుంది?

ఎక్స్‌రే మీద పేరు, తేదీ, కుడి-ఎడమ గుర్తు లేకపోవడం. మోకాలు, చీలమండ రెండు కీళ్లూ కనపడని ఫిల్మ్. ఒకే వైపు నుంచి తీసిన ఫిల్మ్, ఎదురుగా ఒకటి పక్కనుంచి ఒకటి ఉండాలి. అనుమతి ప్లేటుకు తీసుకొని రాడ్ వేయడం. ఇంప్లాంట్ స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటించకపోవడం. ఆపరేషన్ నోట్‌లో రాడ్ 9 మిల్లీమీటర్లు, స్టిక్కర్ మీద 10 ఉంటే దానికి జవాబు థియేటర్ వాళ్లే ఇవ్వాలి, రికార్డుల గుమాస్తా దిద్దకూడదు.

పేషెంట్ రికార్డు అడిగితే ఎన్నిరోజుల్లో ఇవ్వాలి? ఎన్నాళ్లు దాచాలి?

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. మెడికో లీగల్ ఫైల్‌ను మాత్రం కేసు తేలేదాకా కట్టలోంచి తీయకండి. పరిహారం కేసులు మూడేళ్లలో తేలవు.